అవగాహన కావాల్సింది గర్భిణులకేనా?

సంపాదకుల గారికి,

పోయిన వారం మీ జిల్లా పేజీలో 'సాధారణ ప్రసవాలు పెంచాలి' అని పెద్ద అక్షరాలతో వార్త వేశారు. సమీక్షలో అధికారులు యథాప్రకారం గర్భిణులకు అవగాహన కల్పించాలని సెలవిచ్చారట. చదివి ఊరుకుందామనుకున్నా గానీ ఆ మాట మింగుడు పడటం లేదు.

ఏం అవగాహనండీ? మా కోడలు ఐరన్ మాత్ర తప్పలేదు, పొద్దునా సాయంత్రం నడిచింది, డాక్టరమ్మ సరేనన్నాక బాసింపట్టు వేసుకుని కూర్చోవడం, ఊపిరి నెమ్మదిగా వదలడం అన్నీ నేర్చుకుంది. నొప్పులు ఎంతసేపటికోసారి వస్తున్నాయో ఎలా చూసుకోవాలి, ఉమ్మనీరు పోయినా, రక్తం కనబడినా, బిడ్డ కదలికలు తగ్గినా వెంటనే బయల్దేరాలి అని కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించుకుంది కూడా. తీరా తొమ్మిదో నెల స్కానింగ్ చూసి ప్రైవేటు ఆస్పత్రిలో "మెడకు పేగు చుట్టుకుంది, ఆగితే రిస్క్ మీదే" అన్నారు. ఆ మాట విన్నాక ఏ ఇంట్లో వాళ్లు ఎదురు మాట్లాడతారు? పెట్టమన్న చోటల్లా సంతకాలు పెట్టాం. పేగు చుట్టుకున్న పిల్లలు చాలామంది మామూలుగానే పుడతారని, అదొక్కటే కోతకు కారణం కాదని తర్వాత వేరే డాక్టరు చెప్పారు.

ఇది మా ఒక్క ఇంటి గోడు కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు ఆపరేషన్లే, దేశంలో మనమే ఫస్టు. దేశం మొత్తం మీద 21.5. మన ప్రైవేటు ఆస్పత్రుల్లో అయితే 81.5! నిజంగా అవసరమై కోసినవాళ్లను ఎవరూ తప్పు పట్టరు, ఆ ఆపరేషనే లేకపోతే పోయే ప్రాణాలున్నాయి. కానీ నూటికి ఎనభై మందికి అవసరం పడుతోందంటే ఎవరు నమ్ముతారు? ముహూర్తం పెట్టించుకుని కోయించుకునే మహానుభావులు మనలో లేరని కాదు, మరి అయ్యగారు రాసిచ్చిన టైముకు థియేటర్ సిద్ధం చేసి ఉంచేది ఎవరు?

పోనీ సర్కారు దవాఖానా అందామా, అక్కడా 44.5. కాన్పు గదిలో తోడుగా ఒక ఆడమనిషిని ఉండనివ్వాలని కేంద్రం 2016లోనే చెప్పింది. మా పక్కింటి అమ్మాయి కాన్పుకు వెళ్తే వాళ్లమ్మను గుమ్మం బయటే ఆపేశారు, లోపల ఆ పిల్ల అరిస్తే ఆస్పత్రి ఆయమ్మ కసురుకోవడం వరండా దాకా వినిపించింది. నొప్పులప్పుడు నడవనివ్వాలి, ఇష్టమైన భంగిమలో ఉండనివ్వాలి, దాహమైతే తాగనివ్వాలి అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పింది గానీ మనవాళ్లకు వెల్లకిలా పడుకోబెట్టడం ఒక్కటే తెలుసు. నర్సులకు మిడ్‌వైఫరీ, అంటే మామూలు కాన్పులు దగ్గరుండి చేయించే శిక్షణ మన రాష్ట్రంలో 2017లోనే మొదలైంది. శిక్షణ అయినవాళ్లను కాన్పు గదిలోనే ఉంచుతున్నారా, వేరే డ్యూటీల్లో వేస్తున్నారా? సమీక్షలో ఈ ముక్క ఎవరూ అడిగినట్టు లేదు. ఫ్లెక్సీలు, వాటి మీద నాయకుల ఫొటోలు మాత్రం టైముకి వస్తాయి.

మీ పత్రికకూ ఒక మాట. ఆ వార్త వేసిన రోజే వెనక పేజీలో సిజేరియన్ ప్యాకేజీ ప్రకటన వేశారు, చూసుకున్నారో లేదో.

గర్భిణులకు చెప్పాల్సింది ఇంకా ఉంటే చెప్పండి, వింటారు. ముందు ప్రతి ఆస్పత్రి, సర్కారుదైనా ప్రైవేటుదైనా, పోయిన నెల ఎన్ని కాన్పులు చేసిందో, అందులో ఎన్ని ఆపరేషన్లో గేటు దగ్గర బోర్డు మీద రాయించండి. ఫీజుల పట్టిక పక్కనే రాస్తే ఇంకా మంచిది. వచ్చే సమీక్షకు వెళ్లే మీ విలేకరితో ఈ సంగతి అడిగించి, వాళ్లేమన్నారో కూడా అంతే పెద్ద అక్షరాలతో వేయండి.

– ఒక పాఠకురాలు
(పేరు, ఊరు వేయవద్దని మనవి)