రైలు యాత్ర పేరుతో డబ్బు తీసుకుని బస్సులో తిప్పడంపై ఫిర్యాదు

విజయవాడ,
28 అక్టోబరు 2025

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,
ప్రధాన కార్యాలయం, హైదరాబాద్.

విషయం: సెప్టెంబరులో మీ సంస్థ నిర్వహించిన ఇటలీ తీరగ్రామాలు, ద్రాక్షతోటల రైలు యాత్రలో సేవాలోపం. డబ్బు వాపసు, ప్రకటన సవరణ కోరుతూ.

ఆర్యా,

మీరు మాకు రైలు యాత్ర అమ్మి బస్సు యాత్ర చేయించారు. నా ఫిర్యాదంతా ఇదే, మిగతా లోపాలన్నీ దీని వెంట వచ్చినవే. తిరిగి రాగానే మీ కస్టమర్ సేవల విభాగానికి ఫోను చేస్తే, చూపించాల్సిన ఊళ్లు చూపించాం కదండీ, ఎందులో తీసుకెళ్తే ఏముంది అన్నారు. ఏముందో వివరంగా రాస్తున్నాను. దయచేసి పూర్తిగా చదవండి.

నేను దక్షిణ మధ్య రైల్వేలో స్టేషన్ సూపరింటెండెంటుగా పనిచేసి పదవీ విరమణ చేశాను. ఉద్యోగం చేసినన్నాళ్లూ బళ్లను పంపించడంతోనే సరిపోయింది, వాటిలో కూర్చుని ఊళ్లు చూసే తీరిక దొరకలేదు. నా భార్య కృష్ణా జిల్లా రైతు కుటుంబంలో పుట్టింది. ఎక్కడికి వెళ్లినా పొలం గట్టు మీద నిలబడి పంట చూడనిదే ఆమెకు తృప్తి ఉండదు. రోమ్, పారిస్, స్విట్జర్లాండ్ కలిపి మీకంటే తక్కువ ధరకు చూపించే సంస్థలున్నాయి. వాటిని కాదని మీ దగ్గరకు వచ్చింది బ్రోచర్‌లోని రెండు మాటలు నమ్మి. ఒకటి, మిలాన్ నుంచి రోమ్ దాకా ప్రయాణమంతా రైలులోనే. రెండు, ద్రాక్ష కోతల వేళ రైతుతో కలిసి తోటలో నడక. ఈ రెండింటి కోసమే మనిషికి 3,85,000 రూపాయలు కట్టాం.

మిలాన్‌లో హోటల్ ముందు బస్సు నిలబడి ఉన్నప్పుడు స్టేషన్‌కు తీసుకెళ్లడానికి అనుకున్నాం. అది నేరుగా హైవే ఎక్కింది. మధ్యాహ్నానికి జెనోవా నగరాన్ని కిటికీలోంచి చూస్తూ దాటిపోయాం. రైలు టికెట్లు దొరకలేదని టూర్ మేనేజర్ చెప్పాడు. నెలల ముందే పూర్తి సొమ్ము తీసుకున్న సంస్థకు టికెట్లు దొరకకపోవడం ఏమిటని అడిగితే అతని దగ్గర జవాబు లేదు. మోంతెరోస్సోలో సముద్రం పక్కన అని రాసిన బస కూడా మారింది. హైవే పక్కన, గోదాముల మధ్య ఉన్న ఒక హోటల్‌లో దించారు. అక్కడి నుంచి సముద్రానికి బస్సులో గంటకు పైగా ప్రయాణం.

చింక్వె తెర్రె అనే అయిదు తీరగ్రామాల గురించి మీకు నేను చెప్పాల్సిన పని లేదు, అమ్మేది మీరే. కానీ మీ ఫోనులో మాట్లాడినవారికి అది తెలిసినట్టు లేదు. మోంతెరోస్సో, వెర్నాత్సా, కోర్నీలియా, మనరోలా, రియోమజోరే. సముద్రంలోకి నిట్టనిలువుగా దిగే కొండల అంచున కట్టుకున్న ఈ అయిదు ఊళ్లకు ఒకప్పుడు పడవో, గాడిద బాటో తప్ప దారి లేదు. జెనోవా నుంచి లా స్పెత్సియా దాకా రైలు మార్గం 1874లో పూర్తయ్యాకే ఇవి బయటి ప్రపంచానికి దగ్గరయ్యాయి. ఈనాటికీ పెద్ద బస్సులు ఆ ఇరుకు వీధుల్లోకి పోలేవు. ఊరికీ ఊరికీ మధ్య రైలులో కొద్ది నిమిషాలే. మన అరకు రైలులో లాగే సొరంగంలోంచి వెలుగులోకి, వెలుగులోంచి మళ్లీ సొరంగంలోకి పోతూ ఉంటాం, లోయకు బదులు సముద్రం తళుక్కుమంటుంది. వెర్నాత్సా స్టేషన్‌కు స్థలం చాలక ప్లాట్‌ఫారంలో కొంత భాగం సొరంగంలోనే ఉంది. చివరి పెట్టెలో ఉన్నవాళ్లు చీకట్లో దిగి వెలుతురు వైపు నడిచి రావాలి. అటువంటి చోట స్టేషన్ నడపడం ఎంత కష్టమో నా వంటివాడికి తెలుస్తుంది. అక్కడ కాసేపు నిలబడి, వచ్చేపోయే రెండు బళ్లు చూస్తానంటే, బస్సుకు వేళైందంటూ నన్ను తొందరపెట్టారు.

ఆ తొందరకు కారణం బస్సే. మీరు బ్రోచర్‌లో రాసినట్టు మేము మోంతెరోస్సోలో ఉండి ఉంటే, చిన్న రైలులో మాకు నచ్చిన వేళకు వెళ్లి నచ్చిన వేళకు వచ్చేవాళ్లం. లా స్పెత్సియా రేవులో దిగే ఓడల జనం, మా వంటి బస్సుల జనం సాయంత్రానికి వెళ్లిపోతారు. ఊరివాళ్లు గుమ్మాల్లో కూర్చుని కబుర్లు చెప్పుకునే వేళ అప్పుడు మొదలవుతుంది. ఆ వేళ కోసమే కదా అక్కడి బసకు అంత ధర. మాకేమో పొద్దున బస్సులో లా స్పెత్సియా చేరేసరికే ఎండెక్కింది. ప్లాట్‌ఫారం మీద కాలు పెట్టే చోటు లేదు. మనరోలాలో అరగంట, వెర్నాత్సాలో భోజనం వేళ, అంతే. డ్రైవర్ పని గంటలు అయిపోతాయంటూ మధ్యాహ్నం మూడింటికే వెనక్కి తిప్పారు. డ్రైవర్‌ను నేను తప్పుపట్టను. ఐరోపాలో బస్సు డ్రైవర్లు నాలుగున్నర గంటలు నడిపాక 45 నిమిషాలు ఆగి తీరాలి, రోజుకు మామూలుగా 9 గంటలకు మించి నడపకూడదు. భద్రత కోసం పెట్టిన మంచి నిబంధన అది. అది తెలిసి కూడా అంత దూరాన హోటల్ తీసుకుని, ఆ నష్టాన్ని మా సమయంలోంచి కోశారు, నా అభ్యంతరం అది.

రియోమజోరే, మనరోలాల మధ్య సముద్రం పక్కనే సాగే ప్రేమబాట ఫోటో మీ బ్రోచర్‌లో అరపేజీ ఉంది. కొండచరియలు పడి 2012లో మూతపడిన ఆ బాట 2024లో తెరుచుకుంది. ముందుగా వేళ నిర్ణయించుకుని టికెట్ తీసుకున్నవారినే లోపలికి పంపుతారు. మాకు ఎవరూ టికెట్లు తీయలేదు. గేటు దాకా వెళ్లి వెనక్కి వచ్చాం.

ఇక సమ్మె సంగతి. మరునాడు కోర్నీలియా, మోంతెరోస్సో చూపించి తోటలోకి తీసుకెళ్లాలి. ఆ శుక్రవారం రైల్వే సమ్మె ఉందని, కార్యక్రమం రద్దయిందని పొద్దున్నే చెప్పి, దూరాన ఉన్న ఒక షాపింగ్ మాల్‌లో దించారు. సాయంత్రం దాకా అక్కడే ఉంచారు, అక్కడ మాత్రం ఎవరూ తొందరపెట్టలేదు. ఇటలీలో 1990 నాటి 146వ చట్టం ప్రకారం ఇటువంటి సమ్మెకు కనీసం 10 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. పనిదినాల్లో ఉదయం 6 నుంచి 9 దాకా, సాయంత్రం 6 నుంచి 9 దాకా ప్రాంతీయ రైళ్లలో నిర్ణీతమైనవి సమ్మె రోజున కూడా నడపాలి. అంటే ఆ సంగతి మీకు ముందే తెలిసి ఉండాలి. ఉదయపు బండిలో వెళ్లి సాయంత్రపు బండిలో రావచ్చు. లేదా కార్యక్రమంలో రోజులు అటూ ఇటూ మార్చుకోవచ్చు. రైలు యాత్రలు అమ్మే సంస్థకు ఈ మాత్రం ఏర్పాటు చేతకాదంటే నేను నమ్మలేను. చేయాలన్న శ్రద్ధ లేకపోయింది.

ఆ రోజు పోవడం వల్ల మా ఇంటావిడకు జరిగిన నష్టం పెద్దది. అక్కడి కొండల మీద సున్నం, సిమెంటు లేకుండా రాయి మీద రాయి పేర్చి గోడలు కట్టి, వాటి వెనక మట్టి నింపి ద్రాక్ష వేశారు. తరతరాల రెక్కల కష్టం అది. యునెస్కో 1997లో ఆ ప్రాంతాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. సున్నం లేకుండా రాతిగోడ కట్టే విద్యను 2018లో విడిగా గుర్తించింది, అందులో ఇటలీ కూడా ఉంది. చూసుకునే మనిషి లేక గోడ కూలితే దాని వెనకే కొండ జారుతుంది. 2011 అక్టోబరు 25న కురిసిన కుండపోతకు వెర్నాత్సా, మోంతెరోస్సో వీధులు బురదలో కూరుకుపోయాయి. అటువంటి చోట ఇంకా కత్తెర పట్టి ద్రాక్ష కోస్తున్న రైతుతో నాలుగు మాటలు మాట్లాడాలని ఆమె ఎంత ఆశపడిందో నాకు తెలుసు. బోస్కో, అల్బరోలా, వెర్మెంతీనో ద్రాక్షను కోసి, గాలి ఆడే చోట ఆరబెట్టి, ముడుచుకున్నాక పిండి తీసే షక్కెత్రా అనే తీపి వైన్ అక్కడి ప్రత్యేకత. మేము మద్యం ముట్టం. ఆ సంగతి బుకింగ్ నాడే చెప్పాం. ఆరబెట్టడం చూస్తే చాలనుకున్నాం.

మనరోలాలో ఉన్న ఆ అరగంటలోనే, పైకి చూస్తే కొండవాలు మీద ఒంటి రైలు పట్టా కనిపించింది. పట్టా అడుగున రంపానికి ఉన్నట్టు పళ్లుంటాయి. చిన్న మోటారు బండి ఆ పళ్లను పట్టుకుని, ద్రాక్ష బుట్టలతో గోడల మధ్య నుంచి మెల్లగా దిగుతోంది. మనిషి నడవడానికే భయపడే వాలు అది. నా ఉద్యోగంలో ఎన్నో రకాల బళ్లు చూశాను గానీ ఇటువంటిది చూడలేదు. దాని దగ్గరకు తీసుకెళ్లే కార్యక్రమం మరునాడు ఉందని టూర్ మేనేజర్ చెబితే ఊరుకున్నాను. మరునాడు మాల్‌లో కూర్చున్నాం.

చియాంతీ అనే ద్రాక్షతోటల ప్రాంతం విషయంలో మీ బ్రోచర్‌లో రాసింది పూర్తిగా అబద్ధం. 'ద్రాక్షతోటల నడుమ ఆగే చియాంతీ రైలు' అని రాశారు. 1716లోనే మెడిచీ వంశపు పాలకుడు మూడవ కోసిమో హద్దులు గీసిన ప్రాంతం చియాంతీ. దాని నడిబొడ్డున ఉన్న గ్రెవె, రద్దా, గయోలె ఊళ్లలో రైల్వే స్టేషనే లేదు. ఫ్లోరెన్స్ నుంచి సియెనాకు మమ్మల్ని ఎక్కించిన బండి ఎంపోలి, చెర్తాల్దో, పోజ్జిబోన్సి మీదుగా ఎల్సా నది లోయలో పోతుంది. అది మంచి బండే. కానీ చియాంతీ కొండలకు అది పడమటి దిక్కున ఉంది. తోటలో నడకకు బదులు, రోడ్డు పక్కన ఒక దుకాణం నేలమాళిగలో సీసాల వరుసల మధ్య నిలబెట్టి, కొనేవాళ్లు కొనండి అన్నారు. మా ఇంటావిడ పచ్చని ఆకు కూడా ముట్టుకోలేదు. రైలులో ద్రాక్షతోటలే చూపించాలని మీకుంటే ఇటలీలోనే పీడ్‌మాంట్ ప్రాంతం ఉంది. అక్కడ ఆస్తి అనే ఊరి నుంచి ఆల్బా అనే ఊరికి రైళ్లు 2023లో మళ్లీ మొదలయ్యాయి. అక్కడి ద్రాక్ష కొండలు 2014 నుంచి యునెస్కో జాబితాలో ఉన్నాయి. పటం ముందు పెట్టుకుని ఒక్క పూట కూర్చుంటే ఎవరికైనా తెలిసే విషయాలివి.

ఆ సియెనా బండిలోనే మాకు జరిమానా పడింది. టూర్ మేనేజర్ కాగితం టికెట్లు మా చేతిలో పెట్టి, సామాను బస్సులో వెళ్లిపోయాడు. ఇటలీ ప్రాంతీయ రైళ్లలో కాగితం టికెట్‌కు ఎక్కేముందు ప్లాట్‌ఫారం దగ్గరున్న యంత్రంలో తేదీ, వేళ ముద్ర వేయించుకోవాలి. లేకుంటే టికెట్ ఉన్నా లేనట్టే. ఈ ముక్క మాకెవరూ చెప్పలేదు, మీరిచ్చిన సూచనల పుస్తకంలోనూ లేదు. టీసీ వచ్చి టికెట్లు చూసి జరిమానా రాశాడు. ఆయన తన పని తాను చేశాడు, నేనైనా అదే చేసేవాణ్ని. కానీ జీవితమంతా రైల్వే యూనిఫాం వేసుకున్నవాణ్ని, పెట్టె నిండా జనం చూస్తుండగా టికెట్ లేనివాడిలా నిలబడాల్సి వచ్చింది. ఆ బాధ డబ్బుతో పోయేది కాదు. జరిమానా సొమ్ము మాత్రం మీరే భరించాలి.

భోజనం గురించి ఒక్క మాట. శాకాహారుల కోసం అంటూ రోజూ రాత్రి ఎంతో దూరం ఉన్న భారతీయ హోటళ్లకు తిప్పారు. ఆ తీరంలో శనగపిండి, ఆలివ్ నూనెతో పొయ్యిలో కాల్చే ఫరినాతా ఉంది, ఫొకాచ్చా అనే రొట్టె ఉంది. శాకాహారులు సుఖంగా తినగల ప్రాంతం అది.

టూర్ మేనేజర్ కుర్రవాడి మీద నాకు కోపం లేదు. అంత పెద్ద బృందానికి ఒక్కణ్నే పంపారు. రాత్రిళ్లు నిద్ర లేకుండా పనిచేశాడు. ఈ లేఖ చూసి అతని మీద చర్య తీసుకుంటే అది అన్యాయమవుతుంది. నిర్ణయాలు జరిగింది మీ కార్యాలయంలో.

కార్యక్రమంలో మార్పులు సంస్థ విచక్షణ మేరకు అన్న నిబంధనను మీ వాళ్లు ఫోనులో చదివి వినిపించారు. అనుకోని ఇబ్బంది వస్తే ఒక బండికి బదులు మరో బండి ఎక్కించడానికి ఆ నిబంధన పనికొస్తుంది. రైలు యాత్రలో రైలునే తీసేయడానికి పనికిరాదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం తప్పుదోవ పట్టించే ప్రకటనలను, సేవాలోపాన్ని, ఏకపక్ష ఒప్పందాలను స్పష్టంగా నిర్వచించింది.

నేను మొత్తం సొమ్ము అడగడం లేదు. విమానం, వీసా, రోమ్‌లో బస మీరు చెప్పినట్టే ఇచ్చారు. మీరు ఇవ్వని రైలు ప్రయాణాలకు, మోంతెరోస్సో బసకు, రద్దయిన రోజుకు, తోట నడకకు కలిపి మనిషికి 90,000 రూపాయల చొప్పున 1,80,000 రూపాయలు, జరిమానా సొమ్ము వేరుగా తిరిగి ఇవ్వండి. మీ బ్రోచర్‌లో చియాంతీ రైలు మాటను, ప్రయాణమంతా రైలులోనే అన్న మాటను వెంటనే తొలగించండి, లేదా వాటిని నిజం చేయండి. వచ్చే ఏప్రిల్ బృందానికి ఇదే బ్రోచర్ పంచుతున్నారని విజయవాడలోని మీ ఏజెంటు చెప్పారు. అందులో డబ్బు కట్టినవారికి ఏ రోజు రైలు, ఏ రోజు బస్సు, ఏ ఊళ్లో బస అన్నది రాతపూర్వకంగా తెలియజేయండి.

ఈ లేఖ అందిన 15 రోజుల్లోగా మీ సంతకంతో జవాబు రావాలి. రాకపోతే మా జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. ఫిర్యాదుదారు నివసించే చోటే వేసుకునే హక్కు చట్టం ఇచ్చింది కనుక హైదరాబాద్ దాకా రావాల్సిన అవసరం కూడా నాకు లేదు.

ఇట్లు,
(సంతకం)
విశ్రాంత స్టేషన్ సూపరింటెండెంట్, విజయవాడ

జతపరచినవి: బ్రోచర్ నకలు, సొమ్ము చెల్లించిన రసీదులు, హోటల్ బిల్లు, జరిమానా రసీదు, ముద్ర పడని రెండు టికెట్లు.