మొన్నటి గాలి, ఎగిరిన రేకు: తల్లిదండ్రులకు లేఖ

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారం.

గురువారం గాలికి సైకిల్ షెడ్డు రేకు ఒకటి లేచి ఆటస్థలంలో పడిన మాట నిజమే. పిల్లలెవరికీ చిన్న గీత కూడా పడలేదు. గ్రూపుల్లో తిరుగుతున్న వీడియో మాత్రం మన బడిది కాదు. అందులో గేటు నీలం, మనది ఆకుపచ్చ. రోజూ ఆ గేటుకు అడ్డంగానే బండి ఆపుతారు కాబట్టి రంగు గుర్తుంటుందనుకున్నాను. ఇక రాత్రి పదకొండు దాటాక ఫోన్ చేసి అడిగినవారి శ్రద్ధకు కృతజ్ఞతలు.

ఈ ఏడు ఉగాది రాకముందే ఎండ ముదిరింది. పీఠభూమి మీదుగా వచ్చే పడమటి పొడిగాలి మధ్యాహ్నమయ్యేసరికి పొయ్యి ముందు నిలబెట్టినట్టు కొడుతోంది. నేల కాగి వేడిగాలి పైకి లేచేచోట బంగాళాఖాతం తేమ కూడా తోడైతే మబ్బు నిలువునా పెరుగుతుంది. ఆ మబ్బులోంచి వానతోపాటు చల్లగాలి ఒక్క ఊపున కిందికి దిగి నేలంతా పరుచుకుంటుంది. మన రేకును లేపింది అదే. వచ్చే వారం మబ్బు పట్టి, జల్లులు పడి, ఎండ కాస్త తగ్గుతుందంటున్నారు. మామిడి తోటలున్నవారికి నేను చెప్పేదేముంది, చినుకు వస్తే పిందెకు మేలు, గాలి వస్తే పిందె నేలపాలు.

రేకు పడే వేళకు ఆటస్థలం ఖాళీగా ఎందుకుందో ఎవరూ అడగలేదు. తొమ్మిదో తరగతి అమ్మాయిలు ఇద్దరు జనవరి నుంచి వాతావరణ పుస్తకం రాస్తున్నారు. వరండా నీడలో థర్మామీటరు, మేడ మీద రిబ్బను కట్టిన కర్ర, సీసా కోసి చేసిన వానకొలత, అంతే సరంజామా. ఆ రోజు చివరి పీరియడ్‌లో గాలి చప్పున ఆగింది, చంద్రగిరి వైపు ఆకాశం నల్లబడింది. మెరుపు మెరవగానే లెక్క మొదలుపెట్టారు. ఇరవై ఒకటి అనేసరికి ఉరుము వినబడింది. మూడు సెకన్లకో కిలోమీటరు చొప్పున పిడుగు ఏడు కిలోమీటర్లలో ఉన్నట్టు. ముప్పై లోపు వినబడితే లోపలికి రావాలని వాళ్లకు తెలుసు. పరుగున వెళ్లి పీఈటీ సారుకు చెప్పారు, ఆయన విజిల్ వేశారు. రేకు ఆ తర్వాతే లేచింది.

"ఈ రాతలకు మార్కులుంటాయా మేడమ్?" అని మొన్నొక తండ్రి అడిగారు. లేవండీ. మనం చిత్తూరు వెళ్లే దారిలోనే గాదంకిలో 1,024 యాంటెన్నాలు పరిచి గాలిని కొలిచే రాడార్ ఉంది. దేశంలోని శాస్త్రవేత్తలు వెతుక్కుంటూ అక్కడికి వస్తారు. మన పిల్లలు మాత్రం బస్సు కిటికీలోంచి ఆ బోర్డు కూడా చూడరు, చేతిలో ఫోను. ఆకాశం చూడటం సిలబస్‌లో లేదని మానిపించకండి. ప్రతి తరగతికీ ఒక వానకొలత పెట్టించేదాకా నేను ఊరుకోను. మీరు ఇవ్వాల్సింది డబ్బు కాదు, ఖాళీ సీసాలు.

సీసాలంటే గుర్తొచ్చింది, వాటర్ బెల్ కొట్టేది నీళ్లు తాగడానికి. పిల్లల బ్యాగుల్లో నారింజ రంగు కూల్‌డ్రింక్ బయటపడుతోంది. మజ్జిగ పోసివ్వడానికి తీరిక లేకపోతే మంచినీళ్లు చాలు. టిఫిన్ తినకుండా వచ్చిన పిల్లలకు అసెంబ్లీలో కళ్లు తిరిగితే ఆ నెపం ఎండ మీదకు నెట్టేయకండి.

ఒంటిపూట బడులు మొదలవుతున్నాయి, వేళలు డైరీలో ఉన్నాయి. పదో తరగతి హాల్‌టికెట్లు ఆఫీసులో తీసుకోండి. షెడ్డు బాగయ్యేదాకా సైకిళ్లు వెనక గోడ పక్కన పెట్టాలి. ఉరుములు వినబడితే పిల్లల్ని వరండా దాటనివ్వం. గేటు దగ్గర హారన్ కొట్టినా అంతే.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు, తిరుపతి