మెల్లగా చేసే యోగాకూ కాస్త చోటివ్వండి

సంపాదకులకు నమస్కారములు.

ఏటా జూన్ 21 దగ్గరపడగానే పత్రికల్లో యోగా ఫొటోలు వరుస కడతాయి. ఐక్యరాజ్య సమితి 2014 డిసెంబరులో తీర్మానం చేసిన దగ్గరి నుంచి, అంటే 2015 మొదలు, ఈ రోజును యోగా దినోత్సవంగా ప్రపంచమంతా జరుపుకోవడం సంతోషమే గానీ, ఆ ఫొటోల్లో కనిపించేవారు తలకిందులుగా నిలబడినవారో, కాలు తీసి మెడ వెనక పెట్టుకున్న పిల్లలో కావడం వల్ల, మా బరంపురంలో అరవై దాటిన తెలుగువారు వాటిని చూసి ‘ఇది మనవల్ల అయ్యే పని కాదు’ అని పేజీ తిప్పేస్తున్నారు. యోగా అవసరం ఎక్కువగా ఉన్నది వారికే. ఒంటిని నొప్పించకుండా, తీరికగా చేసే యోగా గురించి నాలుగు మాటలు రాయాలనిపించింది అందుకే.

మాది చేనేత కుటుంబం. బరంపురం పట్టు పేరు అందరికీ తెలుసు. ఆ పట్టు నేసేవారి నడుముల సంగతి మాత్రం ఇంట్లోవారికే తెలుస్తుంది. గుంత మగ్గంలో కాళ్ళు కిందికి వదిలి, ముందుకు వంగి పొద్దస్తమానం కూర్చున్న మనిషి సాయంత్రం పైకి లేచినా, వెన్ను నిటారు కావడానికి మరికాసేపు పడుతుంది. కండెలు చుట్టే ఆడవారిది ఇంకో రకం అవస్థ. నేలమీద ఒక పక్కకు ఒరిగి కూర్చుని రాట్నం తిప్పీ తిప్పీ కుడి భుజం బిగుసుకుపోతుంది. జడ వేసుకుందామంటే చెయ్యి వెనక్కి పోదు. ఇటువంటి ఒంటిని విసురుగా లాగితే, కండరం తనను తాను కాపాడుకోవడానికి మరింత ముడుచుకుంటుంది. అదే మెల్లగా సాగదీసి, ఇరవై ముప్పై సెకన్లు కదలకుండా ఉంచితే బిగువు కొద్దికొద్దిగా సడలుతుంది. చిక్కుపడిన పోగును గుంజి విడదీసే నేతగాడు ఎక్కడా ఉండడు గదా!

అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ అనే వైద్యుల సంఘం 2017లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, చాలాకాలంగా వేధించే నడుము నొప్పికి మందుల కన్నా ముందు ప్రయత్నించదగినవాటిలో యోగాను చేర్చింది. అందుకు పెద్ద పెద్ద ఆసనాలు అక్కరలేదు. వెల్లకిలా పడుకుని ఒక్కొక్క మోకాలినే రెండు చేతులతో పొట్టవైపు తీసుకోవడం, గోడకు అరచేతులు ఆనించి నిలబడి నడుమును మెల్లగా కిందికి దించి ఎత్తడం, కుర్చీలో కూర్చుని భుజాలు గుండ్రంగా తిప్పడం వంటివి చాలు. మోకాళ్ళు అరిగినవారు, కాళ్ళు మడిచి మడమల మీద కూర్చునే వజ్రాసనం జోలికి పోనక్కరలేదు. చాప లేకపోతే నాలుగు మడతల దుప్పటి సరిపోతుంది.

ఈ పద్ధతిలో అసలు గుణమంతా శ్వాసలో ఉందని నా అభిప్రాయం. ఊరికే కూర్చున్నప్పుడు మనం నిమిషానికి పన్నెండు నుంచి ఇరవై సార్లు ఊపిరి తీస్తాం. నాలుగు అంకెలు లెక్కపెట్టేంతసేపు లోపలికి తీసుకుని, ఆరు అంకెలంతసేపు బయటికి వదిలితే, అంకెకు ఒక సెకను చొప్పున అది నిమిషానికి ఆరుకు దిగుతుంది. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం కొంచెం తగ్గడం శరీర ధర్మం. వదలడం దీర్ఘమైనకొద్దీ, మెదడు నుంచి గుండెకూ పొట్టకూ వెళ్ళే వేగస్ నాడి ద్వారా ఒళ్ళు విశ్రాంతి స్థితికి మళ్ళుతుంది. ఆయాసపడుతూ చేసే ఆసనంలో ఈ లాభం ఉండదు. ఊపిరి బిగబట్టవలసి వచ్చిందంటే ఆ భంగిమ మన స్థాయిని మించిందని తెలుసుకుని వెనక్కి తగ్గాలి. ఆసనం స్థిరంగా, సుఖంగా ఉండాలని పతంజలి అన్నది కూడా ఇందుకేనేమో.

పెద్దవారికి మరొక లాభం నిలకడ. అరవై అయిదు దాటినవారు వారానికి కనీసం మూడు రోజులు నిలకడను, కండబలాన్ని పెంచే వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. కుర్చీ వీపు పట్టుకుని మడమలు ఎత్తి దించడం, ఒంటికాలి మీద నాలుగు శ్వాసలు నిలబడడం ఈ కోవలోకే వస్తాయి. స్నానాలగదిలో జారిపడి తుంటి విరిగిన పెద్దలు లేని వీధి ఉందా?

అయితే మెల్లగా చేస్తున్నాం గదా అని ఏదైనా చేయవచ్చుననుకోకూడదు. గ్లాకోమా అనే కంటి జబ్బు ఉన్నవారు తల కిందికి వంచే భంగిమలు వేస్తే కంటిలో ఒత్తిడి పెరుగుతుంది. ఎముకలు గుల్లబారినవారు నడుము బాగా ముందుకు వంచడం ప్రమాదకరం. శవాసనం నుంచి దిగ్గున లేస్తే కళ్ళు తిరుగుతాయి కాబట్టి, పక్కకు ఒత్తిగిల్లి, చేయి ఊతగా లేవాలి. యోగా మొదలుపెట్టామని బీపీ మాత్ర మానేయడం, నడక మానేయడం రెండూ తప్పే.

ఇక్కడి శిబిరాల్లో ఈ జాగ్రత్తలకు తీరిక దొరకడం లేదు. మైకులో లెక్క పరుగెడుతుంటే వెనక వరుసలోని పెద్దవారు చేయి ఎత్తేసరికి ముందువారు దించేస్తారు. పైగా చెప్పేది సంస్కృతం కలిసిన హిందీలోనో, ఒడియాలోనో. బజారులో బేరమాడే ఒడియా మాకందరికీ వచ్చు గానీ, కళ్ళు మూసుకుని ఊపిరి మీద మనసు నిలపమంటే ఇంటి భాషే కావాలి. వారానికి ఒక్క పూటైనా తెలుగులో, మైకు లేకుండా, పెద్దవారి కోసం ప్రత్యేకంగా నడిపించే అవకాశం ఉందేమో శిబిరాల నిర్వాహకులు ఆలోచించాలి. బరంపురంలోనే కాదు, పర్లాకిమిడి, గుణుపురం వైపున్న తెలుగువారికీ ఇది పనికివస్తుంది.

మీ పత్రికకు నా విన్నపం ఒక్కటే. ఆరోగ్యం పేజీలో వారానికి అర కాలమ్ ఇచ్చి, గోడనో కుర్చీనో ఆసరా చేసుకుని సామాన్యులు చేస్తున్న ఒక్కొక్క భంగిమ ఫొటో వేయండి. ఎలా మొదలుపెట్టాలో రాసినంత పెద్ద అక్షరాల్లోనే, ఎవరు చేయకూడదో కూడా అచ్చు వేయించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా.