కాటా యాప్‌లో టిక్కీల లెక్క ఎందుకు పోయిందంటే

గుంటూరు మిర్చి యార్డులో మా కాటా యాప్ వాడుతున్న కమీషన్ వ్యాపారులకు, గుమస్తాలకు నమస్కారం.

ఈ సీజన్‌లో మీలో కొందరు ఫోన్ చేసి, టిక్కీల (మిర్చి బస్తాల) బరువులు యాప్‌లో కొట్టి, మధ్యలో వాట్సాప్ చూసి వచ్చేసరికి లాటు మొత్తం ఖాళీ అయిందన్నారు. "సేవ్ నొక్కి ఉండరు" అని మేం జవాబిచ్చాం. ఆ మాట తప్పు. క్షమించండి.

గత వారం యార్డుకి వచ్చి స్వయంగా చూశాను. 47 టిక్కీలు ఎక్కించాక, కాటా చీటీ ఫొటో కోసం గుమస్తా కెమెరా తెరిచారు. తిరిగి వస్తే ఒక్క అంకె లేదు. రైతు ఎదురుగానే నిలబడి ఉన్నాడు. మళ్లీ మొదటి నుంచి రాయాల్సి వచ్చింది.

కెమెరాకి ర్యామ్ (ఫోన్‌లోని తాత్కాలిక మెమరీ) ఎక్కువ కావాలి. చాలకపోతే, ముందున్న యాప్ నడవడానికి ఆండ్రాయిడ్ వెనకున్న యాప్‌లను ఆపేస్తుంది. మా యాప్‌లో సేవ్ నొక్కేదాకా బరువులు ర్యామ్‌లోనే ఉండేవి. అంటే గుమస్తా మనసులో పెట్టుకున్న లెక్కలాంటిది, చిట్టాకెక్కలేదు. ఆయన్ని మధ్యలో లేపేస్తే లెక్క కూడా పోతుంది. ఇది యాప్ క్రాష్ అవడం కాదు కాబట్టి మాకు క్రాష్ రిపోర్టు కూడా రాలేదు. పైగా మేం పరీక్షించే ఫోన్లన్నీ 8 జీబీవి, ఆ గుమస్తాగారిది 3 జీబీ. వెనక్కి వెళ్లిన స్క్రీన్‌ని వెంటనే తీసేసే సెట్టింగ్ ఆండ్రాయిడ్ డెవలపర్ ఆప్షన్స్‌లోనే ఉంది. అది ఆన్ చేస్తే మా ఆఫీసులోనూ మొదటిసారికే లెక్క పోయింది. ఆ పని మేం యాప్ మీకిచ్చే ముందే చేయాల్సింది.

కొత్త అప్‌డేట్‌లో ప్రతి టిక్కీ బరువూ కొట్టగానే ఫోన్‌లోని డేటాబేస్‌లోకి ఎక్కుతుంది. యాప్ మళ్లీ తెరిస్తే ఆగిన టిక్కీ దగ్గరే లాటు తెరుచుకుంటుంది. సగం కొట్టిన అంకె మాత్రం పోవచ్చు, ఆ ఒక్కటి సరిచూసుకోండి. సెట్టింగ్స్‌లో 'క్లియర్ డేటా' నొక్కితే మాత్రం ఇంకా పంపని లాట్లు పోతాయి. దయచేసి నొక్కకండి.

పాత లెక్కలు తిరిగి తేలేం, అవి ఎక్కడా మిగల్లేదు. ఇలా నష్టపోయినవాళ్ల దగ్గర ఈ నెల డబ్బు తీసుకోం. అప్‌డేట్ చేసుకునేదాకా పది టిక్కీలకోసారి సేవ్ నొక్కండి. అప్‌డేట్ చేయడం రాకపోతే చెప్పండి, తెల్లవారి కాటాలు మొదలయ్యేలోపే మా కుర్రాడు మీ కొట్టు దగ్గరికి వస్తాడు.