‘స్టాండ్ అప్ టు’ అంటే లేచి నిలబడటం కాదు

తల్లిదండ్రులకు నమస్కారం.

ఈ నెల ఎనిమిదో తరగతి కాంపోజిషన్ నోట్‌బుక్కులు చూస్తుంటే ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను: ‘ఐ స్టుడ్ అప్ టు మై టీచర్.’ టీచర్ గదిలోకి రాగానే మర్యాదగా లేచి నిలబడ్డానని పిల్లవాడి ఉద్దేశం. చదివినవాళ్లకు మాత్రం టీచర్‌కి ఎదురుతిరిగాడని అర్థమవుతుంది. తేడా అంతా ఆ ‘టు’ దగ్గరే ఉంది. ‘ఐ స్టుడ్ అప్ వెన్ మై టీచర్ కేమ్ ఇన్’ అని రాస్తే సరిపోయేది.

‘స్టాండ్ అప్ టు’ని మనుషుల గురించి వాడితే, జంకకుండా ఎదురు నిలవడం. వస్తువుల గురించైతే తట్టుకోవడం. ‘దిస్ బ్యాగ్ వోంట్ స్టాండ్ అప్ టు రఫ్ యూజ్’ అంటే మొరటుగా వాడితే ఈ బ్యాగ్ ఆగదని. ‘టు’ బదులు ‘ఫర్’ పెడితే అర్థం తిరగబడుతుంది: ‘స్టాండ్ అప్ ఫర్ యువర్ ఫ్రెండ్’ అంటే స్నేహితుడి పక్షాన నిలబడమని. ‘స్టాండ్’, ‘అప్’, ‘టు’ అనే ఈ మూడు మాటల్ని విడదీయకూడదు కూడా. ‘స్టాండ్ హిమ్ అప్’ అంటే వస్తానని చెప్పి రాకుండా అతన్ని కాచుకుని కూర్చోబెట్టడం! ‘హోల్డ్ అవుట్’ కూడా ఈ కోవలోదే, లొంగకుండా చివరిదాకా నిలబడటం. దానికి వ్యతిరేకం ‘గివ్ ఇన్’.

ఇంకో సంగతి నాకు ముఖ్యం అనిపిస్తుంది. తెలుగులో ‘పెద్దవాళ్లని ఎదిరించాడు’ అంటే సగం తప్పుపట్టినట్టే. ‘స్టాండ్ అప్ టు’లో ఆ ఛాయ ఉండదు. అవతలివాళ్లకు బలమో అధికారమో ఉన్నా వెనక్కి తగ్గలేదన్న మెచ్చుకోలే అందులో సాధారణంగా ఉంటుంది. అందుకే ‘స్టాండ్ అప్ టు బుల్లీస్’ అని క్లాసులో చెప్పారని మీ అమ్మాయో అబ్బాయో ఇంటికొచ్చి చెబితే, కొట్లాటకు వెళ్లమన్నారేమోనని టెన్షన్ పడకండి. ఏడిపించేవాళ్లతో ‘ఆపు, నాకిది నచ్చలేదు’ అని గట్టిగా చెప్పడం, వెంటనే టీచర్‌కి చెప్పడం కూడా ఎదురు నిలవడమే. చేయి చేసుకోమని ఆ మాటకి అర్థం కాదు. పిల్లలకి ఈ మాట అర్థమైతే చాలదు, అలా నిలబడే ధైర్యం కూడా రావాలని మా టీచర్లందరి కోరిక.

‘స్టాండ్ అప్ టు’, ‘గివ్ ఇన్’ లాంటి ఫ్రేజల్ వెర్బ్‌ల (క్రియకు ‘అప్’, ‘ఇన్’ లాంటి చిన్న మాట చేరి కొత్త అర్థం వచ్చేవాటి) అర్థాలు ఇంట్లో బట్టీ పట్టించకండి. ఒక్కోదానితో ఒక పూర్తి వాక్యం చెప్పమనండి. ఎవరు, ఎవరికి, ఎందుకు అన్నవి అందులో ఉండాలి. వచ్చే యూనిట్ టెస్టులో మేం కూడా అర్థాలు అడగం, వాక్యాలే రాయమంటాం.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు