డర్బన్ వంటింట్లో కనిపించిన చికాకోల్

సంపాదకుల వారికి నమస్కారాలు.

మీ ఆదివారం సంచికలో దక్షిణాఫ్రికాలోని డర్బన్ నగరం గురించి వచ్చిన యాత్రా వ్యాసం చదివాను. గోల్డెన్ మైల్ తీరాన్నీ, రొట్టెను తొలిచి కూర నింపి ఇచ్చే బన్నీ చౌనూ వ్యాసకర్త నోరూరేలా వర్ణించారు. హోటల్లో దిగినవారికి ఆ ఊళ్లో కనిపించనిది ఒకటి ఉంది. నిరుడు నేను చాట్స్‌వర్త్ పేటలో, మా అబ్బాయితో కలిసి పనిచేసే ఒక యువకుడి తల్లిదండ్రుల ఇంట్లో ఎనిమిది రోజులు అతిథిగా ఉన్నాను కనుక దాన్ని గురించి రాయవలసి వచ్చింది.

అది తెలుగు మూలాలున్న కుటుంబమే గాని ఇంట్లో ఎవరికీ తెలుగు రాదు. డెబ్బై దాటిన ఆ ఇంటావిడకు మిగిలినదల్లా నాయనమ్మను పిలిచిన 'అవ్వ' అన్న మాట, ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని పాడే రెండు రామభజనలు. చామదుంపలు తరుగుతూ వాటిని 'మదుంబి' అన్నారు. అది జులూ మాట అని వారే చెప్పారు. నా చెవికి మాత్రం మన దుంపే వినిపించింది. ఒక సాయంత్రం నన్ను సముద్రం ఒడ్డుకు తీసుకువెళ్లి బల్ల మీద కూర్చోబెట్టి, వర్ణవివక్ష నాళ్లలో ఈ ఇసుక మీద తాము కాలు పెట్టడానికి వీలుండేది కాదని, 1989లో గాని ఇక్కడి తీరాలు అందరివీ కాలేదని మామూలు గొంతుతోనే చెప్పారు.

వెళ్లిన మూడోనాడు భోజనాలయ్యాక ఆమె ప్లాస్టిక్ కవరులోంచి ఒక కాగితం తీసి నా ముందు పెట్టారు. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి తొలి ఒప్పంద కూలీలను నేటాల్ రేవుకు, అంటే నేటి డర్బన్‌కు, చేర్చింది మొదలు 1911 వరకు అక్కడికి వెళ్లిన లక్షన్నర మందికి పైగా భారతీయుల వివరాలు ఓడల జాబితాలకు ఎక్కాయి. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీది మచ్చలతో సహా రాసిన ఆ జాబితాలో వారి ముత్తాత వరుసకు నకలు అది. జిల్లా గంజాం, తాలూకా చికాకోల్ అని ఉంది. గంజాం అంటే ఒడిశా అనుకుని వారి పెద్దబ్బాయి ఆ మధ్య బరంపురం చుట్టుపక్కల వారం రోజులు తిరిగి ఉత్త చేతులతో తిరిగి వెళ్లాడట. చికాకోల్ అంటే మా శ్రీకాకుళమే. ఆమదాలవలస స్టేషనును చికాకోల్ రోడ్డు అని పిలవడం చిన్నప్పుడు ఎన్నిసార్లు విన్నానో! ఆ మాట చెప్పేసరికి ఆమె చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

తప్పు వారిది కాదు. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు పాత గంజాం జిల్లా రెండుగా చీలింది. టెక్కలి, సోంపేట, శ్రీకాకుళం ఇటు మిగిలి, 1950లో శ్రీకాకుళం జిల్లా అయ్యాయి. చిత్తూరు వైపు చిక్కు ఇంకొకటి. 1911కు ముందు చిత్తూరు, చంద్రగిరి తాలూకాలు ఉత్తర ఆర్కాటులో ఉండేవి కనుక, ఆ పేరు చూసిన వారసులు తమిళనాడులోని వేలూరు వెళ్లి వెతుక్కునే ప్రమాదం ఉంది. ఆనాటి గుమాస్తా చెవికి పడినట్టు ఇంగ్లీషులో రాసుకున్న ఊరి పేర్లయితే మనకే పోల్చుకోవడం కష్టం.

రాష్ట్ర ఆర్కైవ్స్ శాఖ, జిల్లా రెవెన్యూ అధికారులు కలిసి మద్రాసు రాజధాని (ప్రెసిడెన్సీ) నాటి తాలూకాలనూ గ్రామాలనూ నేటి మండలాలతో జతపరిచి, పాత స్పెల్లింగులతో సహా ఒక పట్టిక తయారుచేసి ఇంటర్నెట్లో ఉంచాలని కోరుతున్నాను. సెటిల్మెంటు రికార్డులు చూడగలిగిన విశ్రాంత తహసీల్దార్లు, కరణాల కుటుంబాల వారు ఇంకా ఉన్నారు. పదేళ్లాగితే వారూ ఉండరు. ప్రవాసుల సభలకు పెట్టే ఖర్చులో ఇదెంత?

ఇక ఆ కాగితంలో ఊరి పేరు మొదటి భాగం చెరిగిపోయి 'పేట' ఒక్కటే మిగిలింది. మా జిల్లాలో పేటలకు కొదవ లేదు. ఇంటి నుంచి కుర్రవాడొకడు నేటాల్ వెళ్లి తిరిగి రాలేదని పెద్దలు చెప్పుకున్న కుటుంబాలు పాత చికాకోల్ తాలూకాలో ఉంటే మీ పత్రిక ద్వారా తెలియజేయాలని మనవి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
శ్రీకాకుళం.