కవచం ఇచ్చారు సరే, ఎక్కడానికి చెట్టేది?
ఆబ్కారీ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర ఆబ్కారీ శాఖ మంత్రి గారికి,

ఒక కల్లు గీత పారిశ్రామిక సహకార సంఘం సభ్యుడు నమస్కరించి రాయునది. తాటి, ఈత చెట్లు పెంచుకోవడానికి భూమి ఇవ్వమని మా సంఘం గడచిన ఆరేళ్లలో ఏడు వినతిపత్రాలు ఇచ్చింది. మూడింటికి రసీదులు ఉన్నాయి. ఒకదానికి జవాబు కూడా వచ్చింది, ‘తగు చర్య నిమిత్తం పంపడమైనది’ అని. ఎవరికి పంపారో, అందుకున్నవారు ఏం చేశారో నేటి వరకు తెలియలేదు కనుక ఎనిమిదవ కాగితాన్ని ఏ కార్యాలయంలోనూ ఇవ్వకుండా నలుగురూ చదివే చోట పెడుతున్నాను.

జీవో 560 ఏం చెబుతుందో తమకు నేను వివరించడం మర్యాద కాదు. గీత సంఘానికి చెట్లు పెంచుకోవడానికి ఐదెకరాల ప్రభుత్వ భూమి ఇవ్వాలన్న అందులోని మాట మాత్రమే గుర్తు చేస్తున్నాను.

మా తాత గీసిన చెట్లనే మా నాన్న గీశాడు, వాటిలో మిగిలినవాటిని నేను గీస్తున్నాను. మా ఊరి మండువా అంటే నాలుగు గోడల దుకాణం కాదు. చెరువు కింద తాళ్ల నీడే మాకు మండువా. పొద్దున దించిన లొట్టి ఎదుటే పెట్టుకుని, తాటాకు దొప్ప పట్టి తాగేవారికి ఆ కల్లు ఏ చెట్టుదో, ఎవరు గీసిందో తెలిసేది. పోతుతాడు (మగ తాటిచెట్టు) కల్లు వేరు, పండుతాడు (ఆడ తాటిచెట్టు) కల్లు వేరు, చలికాలపు ఈతకల్లు రుచే వేరు. నాగలి విప్పి వచ్చిన రైతు, మగ్గం దిగి వచ్చిన నేతగాడు, వావి వరుసలతో పిలుచుకునే ఊరంతా అక్కడే కూర్చునేది. పంచాయితీలు కొన్ని అక్కడే మొదలై అక్కడే ముగిసేవి. చెట్టుకింత అని ప్రభుత్వానికి కట్టే చెట్ల రఖం రద్దయ్యే వరకు ఏటా కట్టుకుంటూ వచ్చాం. కాపు రాని చెట్టుకు కూడా కట్టిన సంవత్సరాలు ఉన్నాయి, ఆ లెక్క ఇప్పుడు అడగడం లేదు.

అడుగుతున్నది చెట్ల గురించి. మా చెట్లలో ఎక్కువ భాగం పట్టా భూముల గట్ల మీద ఉండేవి. ఆ భూములు చేతులు మారి ప్లాట్లయ్యాయి. జేసీబీ వచ్చిన రోజున ఎనభై ఏళ్ల తాటిచెట్టు కూలడానికి బీడీ కాల్చేంత సేపు కూడా పట్టలేదు. కల్లిచ్చే చెట్టును అనుమతి లేకుండా కొట్టరాదని మేమే పరుగెత్తి చెప్పగా, పంచనామా జరిగింది, జరిమానా పడింది, మిగిలిన చెట్లు మరుసటి వారం కూలాయి. ఈతకు ఐదారేళ్లు, తాటికి పదిహేనేళ్లకు పైనే పడితే గాని గీతకు రాదు. మా మొదటి వినతిపత్రం నాడే భూమి చూపించి ఉంటే, ఆనాడు నాటిన ఈత ఈపాటికి కత్తికి వచ్చి ఉండేది.

భూమి కోసం తిరిగిన తిరుగుడు తమరు ఒక్కసారి వినాలి. ఎక్సైజ్ కార్యాలయంలో అడిగితే, సంఘం మాదే గాని భూమి రెవెన్యూ వారిది అన్నారు. తహసీల్దారు కార్యాలయంలో అడిగితే, ఊరిలో ప్రభుత్వ భూమి ఖాళీగా లేదన్నారు. ఉన్న సర్వే నంబరు చూపిస్తే, అది వేరే అవసరానికి అనుకున్నారని చెప్పారు, ఆ అవసరమేమిటో చెప్పలేదు. పోనీ చెరువు కట్ట మీద నాటుకుంటామంటే అది నీటిపారుదల వారిని అడగాలన్నారు. మొక్కలు నాటే హరితహారం పథకంలో ఇచ్చిన ఈత మొక్కలను కట్ట వెంట నాటాము, ఆ వేసవికి నీళ్లు పోయించే బాధ్యత ఎవరిదో తేలే లోపు అవి ఎండిపోయాయి. ప్రజల అర్జీలు తీసుకునే ప్రజావాణిలో సోమవారం ఇచ్చిన అర్జీ తిరిగి తిరిగి మొదట కాదన్న కార్యాలయానికే చేరింది. ఇన్ని శాఖల మధ్య ఇంత చక్కని సమన్వయం ఉన్నందుకు సంతోషించాలో, ఏడవాలో తెలియడం లేదు.

2024 జూలై 14న లష్కర్‌గూడలో, చెట్టెక్కే గీత కార్మికులు పడిపోకుండా కాపాడే కాటమయ్య రక్షణ కవచాన్ని ప్రారంభించారు. తాటిచెట్టు మీది నుంచి జారి పడి నడుము విరిగినవారు మా సంఘంలోనే ఉన్నారు గనుక ఆ మేలు మరువము. అయితే కవచం తొడుక్కుని ఎక్కడానికి చెట్టు కావాలి కదా! మద్యం దుకాణాలలో మా గౌడ కులానికి 15 శాతం ఇచ్చారు, అదీ సంతోషమే. తిరిగి రాని దరఖాస్తు రుసుము 3 లక్షలు కట్టగలిగినవాడు పొద్దున్నే చెట్టెక్కే మోకు భుజాన వేసుకుని బయలుదేరడు.

కల్తీ గురించి తమకు కోపం ఉంది, మాకు అంతకంటే ఎక్కువ ఉంది. 2025 జూలైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు ప్రాణాలు తీసినప్పుడు, మా ఊరి మండువాకు కూడా మనుషులు రావడం మానుకున్నారు. హైదరాబాద్ నగరంలో 2004లో మూసిన కల్లు దుకాణాలను 2014లో తెరిచినప్పుడు మేమూ సంబరపడ్డాం. కానీ దుకాణం తెరిచినంత సులువుగా చెట్టు మొలవదు. పొద్దున దించితే సాయంత్రానికి పులిసిపోయే సరుకును, చెట్లు లేని చోట రోజంతా ఎలా అమ్ముతారని ఏ అధికారీ ఆగి అడగలేదు. చెట్టు ఇవ్వలేనిది ఆల్ప్రాజోలం అనే మత్తుమందు ఇచ్చింది. దాడులు చేయండి, లైసెన్సులు రద్దు చేయండి, కాదనము. ఈత వనం మాత్రం దాడులతో పెరగదు.

మరొక్క మాట. 2015లో, బీరు తయారుచేసిన చోటే పోసే మైక్రోబ్రూవరీలకు నిబంధనలు రాసిన ప్రభుత్వానికి, ఉన్న చోటనే పులియబెట్టి తాజాగా పోసే పానీయం విలువ తెలియదని అనుకోలేను. మేమూ చేసేది అదే, కాకపోతే మా దగ్గర అద్దాల గది, ఉక్కు ట్యాంకులు లేవు, లొట్టి ఉంది.

దయచేసి ఆ ఐదెకరాలు కొలిపించి మా సంఘానికి అప్పగించండి. అవి దొరకకపోతే, ఎందుకు దొరకవో కారణం రాసి సంతకం చేసి ఇప్పించండి. అందుకోసం ప్రత్యేకంగా ఎవరినీ పంపనక్కరలేదు. మిగిలిన చెట్లకు నంబర్లు వేయడానికి తమ సిబ్బంది ఎలాగూ వస్తారు, ఆ కాగితాన్ని వారి చేతికే ఇచ్చి పంపండి.

ఇట్లు,
తమ విధేయుడు,
ఒక గీత కార్మికుడు